నరాల రిపేర్ రీసెర్చ్ వార్త చూస్తే ఎలా చదవాలి

నరం దెబ్బతిన్నవాళ్లు ఇంట్లో ఉంటే "కొత్త మందు వచ్చేసింది" అనే వార్త చూడగానే ప్రాణం లేచొస్తుంది, నాకు తెలుసు, కానీ ముందు అది ఏ నరం గురించో చూడండి. చేతులు కాళ్లలో నరాలు తెగితే మళ్లీ పెరుగుతాయి, రోజుకి సుమారు 1 మిల్లీమీటరు, అదే వెన్నుపాములో అయితే దాదాపు పెరగవు, రెండూ వేరే సమస్యలు.

తర్వాత ఆ ప్రయోగం ఎలుకల మీద చేశారా, మనుషుల మీద చేశారా చూడండి. ఇది చాలా ముఖ్యం. ఎలుక కాలు చిన్నది, నరం కొన్ని వారాల్లో కండ దాకా చేరిపోతుంది, మనిషికి భుజం దగ్గర తెగితే అరచేతి దాకా 60 సెంటీమీటర్లు అనుకోండి, 600 రోజులు, ఈలోపు నరం అందని కండ ఎండిపోయి తిరిగి పట్టు దొరకదు. అందుకే ఆపరేషన్ టైంలో నరానికి ఓ గంట సన్నని కరెంట్ ఇచ్చి పెరుగుదలని తొందరపెట్టే పద్ధతి మీద నాకు ఆశ ఎక్కువ, దాన్ని మనుషుల మీద కూడా ట్రై చేశారు.

సార్మ్1 అనే ఎంజైమ్‌ని ఆపే మందులూ గమనించండి, దెబ్బతిన్న నరంలోని సన్నని తీగ తనని తాను చంపుకునేది ఎక్కువగా దానితోనే.

వార్తలో ఫేజ్ 1 అని ఉంటే అది మనుషుల మీద ట్రయల్‌లో మొదటి దశ, అంటే ముఖ్యంగా సేఫ్టీ చూడటమే. ట్రయల్స్ నమోదు చేసే అమెరికా ప్రభుత్వ సైట్ క్లినికల్‌ట్రయల్స్ డాట్ గవ్‌లో ఆ మందు పేరు కొట్టి చూడండి, ట్రయల్ పేరుతో ఎవరైనా పెద్ద మొత్తం అడిగితే మీ న్యూరాలజిస్ట్‌ని అడగకుండా ఒక్క రూపాయి కట్టకండి.