మేనేజర్ని ఉంచాలా, పంపాలా? గొంతు పెంచే ముందు చిట్టా తెరవండి

నేను గుంటూరు మిర్చియార్డులో ఓ కమీషన్ కొట్లో గుమాస్తాని. పగలు మిర్చి టిక్కీల (బస్తాల) లెక్క, రాత్రి ఫుట్‌బాల్. శనివారం వస్తే బ్రాడీపేటలో మా మేడమీద గదిలో అయిదారుగురం చేరతాం. గోల్సు సంగతి మ్యాచ్ అయిన పది నిమిషాల్లో తేలిపోతుంది. తేలనిది మేనేజర్ సంగతే, అంటే టీముని నడిపే కోచ్ సంగతి. ఇంకో రెండేళ్లు కాంట్రాక్టు ఇవ్వాలా, రిఫరీ మీదకి ఎగబడే మనిషికి అసలు ఇవ్వొచ్చా? ఈ గొడవ మా కింద వాటా వాళ్ల నిద్ర చాలాసార్లు పాడుచేసింది. అందుకే ఒక పద్ధతి పెట్టుకున్నాం. మీకూ పనికొస్తుందేమో చూడండి.

ముందు చేయకూడనిది చెప్తాను, నేను చేశాను కాబట్టి. 2023 మార్చి 3న బెంగళూరులో ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) నాకౌట్ మ్యాచ్, బెంగళూరుకీ కేరళ బ్లాస్టర్స్‌కీ. ఎక్‌స్ట్రా టైములో బెంగళూరుకి ఫ్రీకిక్ దొరికింది. కేరళ వాళ్లు బంతికి అడ్డంగా ఇంకా గోడలా నిలబడకముందే సునీల్ ఛెత్రి కొట్టేశాడు, రిఫరీ గోల్ ఇచ్చాడు. కేరళ బ్లాస్టర్స్ కోచ్ ఇవాన్ వుకొమనోవిచ్ తన టీముని మైదానంలోంచి బయటికి పిలిచేశాడు. మా బావ ఆరేళ్లు కొచ్చిలో ఉద్యోగం చేసొచ్చాడు, ఒళ్లంతా బ్లాస్టర్స్ పసుపే. "రోషమున్న మనిషిరా, అట్టా ఉండాలి" అన్నాడు. నేను ఊరుకోవచ్చుగా? "2022లో గోవా ఫటోర్డాలో ఫైనల్లో పెనాల్టీల్లో మా హైదరాబాద్ మీద 3-1తో ఓడినప్పుడు ఈ రోషం ఎటుపోయింది బావా" అన్నాను. పది రోజులు మాటల్లేవు. మా అక్క మధ్యలో నలిగిపోయింది. కాబట్టి మేనేజర్ గురించి వాదించేటప్పుడు మీ కప్పు తీసుకొచ్చి మధ్యలో పెట్టకండి.

పద్ధతి చాలా మామూలుది. ఒక నోటు పుస్తకం తీసుకుని ఎడమ పేజీలో కాంట్రాక్టు, కుడి పేజీలో కోపం రాయండి. రెండూ ఒకే నోటితో ఒకే ఊపులో మాట్లాడబట్టే తగువు పెరుగుతుంది.

ఎడమ పేజీకి ఎక్కువసేపు పట్టదు. కాంట్రాక్టు మీద ఉన్న సంవత్సరం చూసి ఎవరూ ధైర్యం తెచ్చుకోనక్కర్లేదు. డేవిడ్ మోయెస్‌కి 2013లో మాంచెస్టర్ యునైటెడ్ ఆరేళ్లు రాసిచ్చింది, పది నెలలకి పంపేసింది. అదే క్లబ్బులో టెన్ హాగ్‌కి 2024 జులైలో 2026 దాకా పొడిగించారు, అక్టోబరులో సాగనంపారు. క్లాప్ లివర్‌పూల్‌తో 2026 దాకా సంతకం పెట్టి, తనంతట తానే 2024లో వెళ్లిపోయాడు. అంచేత "మూడేళ్లు ఇస్తే ఇరుక్కుపోతాం" అని ఎవరైనా అంటే, మధ్యలో పంపిస్తే ఎంత కట్టాలో అడగండి. బరువంతా అక్కడుంది, తేదీలో లేదు.

కుడి పేజీ దగ్గర నిదానించాలి. కోపమంతా ఒక రకం కాదు. యార్డులో నాసిరకం తాలు కాయల్ని మేలైన తేజ రకం రేటుకి ఎవరూ కొనరు, ఇక్కడా అంతే. మైదానం పక్క గీత దగ్గర నిలబడి అరవడం, వెక్కిరింపుగా చప్పట్లు కొట్టడం ఒక రకం. 2019 నుంచి కోచ్‌లకీ కార్డులు చూపిస్తున్నారు కాబట్టి దీనికి పసుపు కార్డు పడుతుంది. తన గీతలు దాటి రిఫరీతో తగాదాకి వెళ్తే ఎర్రది. మ్యాచ్ అయ్యాక మైకు ముందు నోరు జారడం ఇంకో రకం. చెయ్యి వేయడం, టీముని లేపుకుపోవడం వేరే ఖాతా. మా అన్న కొడుకు అన్నిటికీ కలిపి "ప్యాషన్" అంటాడు. వాడికి ఇంకా పెళ్లి కాలేదు, పోనీయండి.

ఇంకో జాగ్రత్త. నోటీసు వచ్చిందని తెలియగానే ఖర్చు రాసేయకండి. 2023 నవంబరులో న్యూకాజిల్‌లో ఓడాక రిఫరీల తీర్పుని ఆర్సెనల్ మేనేజర్ ఆర్టెటా సిగ్గుచేటన్నాడు. ఇంగ్లండ్ ఫుట్‌బాల్ సంఘం ఎఫ్‌ఏ అభియోగం పెట్టింది. డిసెంబరులో విచారణ కమిషన్ తప్పు లేదని కొట్టేసింది. ముందే సిరాతో రాసిన మావాడు పేజీ చింపాల్సొచ్చింది. తీర్పు వచ్చేదాకా పెన్సిలే.

ఇప్పుడు అసలు కాలమ్: కోపం ఆయనది, బిల్లు ఎవరికొచ్చింది? క్లాప్ 2023లో టోటెన్‌హామ్ మీద 4-3 గెలిచిన ఆనందంలో గీత దగ్గరుండే నాలుగో అఫీషియల్ (రిఫరీ సహాయకుడు) మొహంలోకి అరుస్తూ ఉరికి, తన తొడకండరమే పట్టేసుకున్నాడు. తర్వాత రిఫరీని అన్నందుకు 75,000 పౌండ్లు జరిమానా, రెండు మ్యాచ్‌ల నిషేధం, అందులో ఒకటి వాయిదా. సొంత కాలు, సొంత జేబు. నాకు పెద్దగా పేచీ లేదు. మాంచెస్టర్ యునైటెడ్ మేనేజర్ ఫెర్గూసన్ 2011లో రిఫరీ గురించి మాట్లాడి అయిదు మ్యాచ్‌లు గీత దగ్గరికి రాలేకపోయాడు, ఆ ఏడాది లీగ్ గెలిచాడు. "కోపిష్టి అయితే పంపాలి" అనే వాళ్ల నోరు ఈ పద్దు దగ్గర మూతపడుతుంది.

"అరిస్తే ఏం పోయింది" అనే వాళ్లకి మాత్రం న్యూకాజిల్ మేనేజర్‌గా చేసిన ఆలన్ పార్డ్యూ పద్దు చూపించండి. 2012 ఆగస్టులో లైన్స్‌మన్‌ని తోశాడు, రెండు మ్యాచ్‌ల నిషేధం, 20,000 పౌండ్ల జరిమానా. సెప్టెంబరులో న్యూకాజిల్ ఆయనకి ఎనిమిదేళ్ల కాంట్రాక్టు ఇచ్చింది! 2014 మార్చిలో హల్ సిటీ ఆటగాణ్ని తలతో గుద్దాడు. ఏడు మ్యాచ్‌లు పోయాయి. సొంత క్లబ్బే లక్ష పౌండ్లు జరిమానా వేసింది, ఎఫ్‌ఏ 60,000 వేసింది. ఆ మరుసటి జనవరికల్లా క్రిస్టల్ ప్యాలెస్‌లో చేరిపోయాడు. ఎనిమిదేళ్లు కాస్తా రెండేళ్ల పైచిలుకు. లైన్స్‌మన్‌ని అలా తోయడం ఏ రకం కోపమో సంతకానికి ముందే తేల్చుకోవాల్సింది.

మా బావ హీరో వుకొమనోవిచ్ పద్దు కూడా రాశాం, ఆయన ఎదురుగానే. టీముని లేపుకుపోయినందుకు కోచ్‌కి పది మ్యాచ్‌ల నిషేధం, 5 లక్షల జరిమానా. క్లబ్బుకి 4 కోట్లు. భాగించి చూపించాను, ఎనభై రెట్లు. కోపం ఒకరిది, ఎనభై వంతులు యజమానివి. మా కొట్లో నేను ఒక రైతుతో గొడవపడి షావుకారు మీదకి ఇంత తెస్తే మర్నాడు నా కుర్చీ ఉండదు.

"ఆయన లేకుండానే ఆ సెప్టెంబరులో బెంగళూరుని 2-1 కొట్టాం, ఇప్పుడేమంటావ్?" అన్నాడు బావ.

"అయితే ఆయనెందుకు బావా?"

కాసేపు టీ చల్లారింది. ఇలాంటి జవాబు తట్టినా లోపలే ఉంచుకోండి, నేను ఉంచుకోలేకపోయాను. మూడో పక్షం వాడు ఎవడైనా ఉంటే పెన్ను వాడి చేతికివ్వడం మేలు. ఇద్దరే ఉంటే ఎదుటివాడి పద్దు మీరు రాయండి, మీ పద్దు వాడు రాస్తాడు. రాత్రి పన్నెండున్నరకి మొదలయ్యే మ్యాచ్ తర్వాత పుస్తకం అసలు తెరవకండి, ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక చూసుకోవచ్చు.

చివర్లో ఇద్దరూ పొట్టి సంతకం పెట్టాలి. వుకొమనోవిచ్ 2024 ఏప్రిల్‌లో బ్లాస్టర్స్‌ని వదిలి వెళ్లిపోయాడు, కాంట్రాక్టు 2025 దాకా ఉన్నా. ఆ పేజీలో నా సంతకం ఉంది. పక్కన బావది లేదు. అడిగితే, "అది గోల్ కాదురా" అంటాడు.