సీరియల్ నుంచి ఈథర్నెట్‌కి – 3వ పాఠం: బైట్లు చేరతాయి, వాటి మధ్య ఖాళీ చేరదు

గత పాఠం చివర్లో డివైస్ సర్వర్ (సీరియల్ పరికరాన్ని నెట్‌వర్క్‌కు కలిపే పెట్టె) సీరియల్ పోర్టులో 2, 3 పిన్నులు కలిపి లూప్‌బ్యాక్, అంటే పంపింది తిరిగి మనకే రావడం, చూశాం. పుట్టీ అనే టెర్మినల్ ప్రోగ్రామ్‌లో కొట్టిన అక్షరం తిరిగి తెర మీదికి వచ్చిందంటే ఐపీ అడ్రస్, పోర్ట్ నంబరు, నెట్‌వర్క్ కేబుల్ మూడూ సరిగ్గా ఉన్నట్టే. ఇక అసలు పరికరాన్ని తగిలించాలి. చాలామందికి టెన్షన్ మొదలయ్యేది ఇక్కడే. పింగ్ వస్తుంది, లైట్లు మిణుకుమంటాయి, బాడ్ రేటు (సీరియల్ తీగ మీద బిట్ల వేగం) సరిపోతుంది, ఒకసారి రీడింగ్ కూడా వస్తుంది. మరుక్షణం టైమవుట్. కేబుల్ మారుస్తారు, పెట్టె మారుస్తారు, ఎక్కడి గొంగళి అక్కడే. ఈ తంటా ఎందుకొస్తుందో, ఎక్కడ సరిచేయాలో ఈ పాఠంలో చూద్దాం.

ముందు మోడ్ సంగతి తేల్చేద్దాం. మీ సాఫ్ట్‌వేర్‌కు కామ్ పోర్ట్ తప్ప మరొకటి తెలియకపోతే వర్చువల్ కామ్ మోడ్ పెట్టండి. కంప్యూటర్‌లో వేసుకున్న డ్రైవర్ ఒక ఉత్తుత్తి కామ్ పోర్టును చూపిస్తుంది, దాంట్లో రాసినదంతా నెట్‌వర్క్ మీదుగా పెట్టెకు చేరుతుంది. సాఫ్ట్‌వేర్ తానే సాకెట్ (నెట్‌వర్క్ కనెక్షన్) తెరవగలిగితే టీసీపీ సర్వర్ మోడ్ మేలు, మధ్యలో డ్రైవర్ అనే పొర తగ్గుతుంది. పెట్టే ముందుకొచ్చి కనెక్షన్ అడగాల్సిన చోట టీసీపీ క్లయింట్. యూడీపీ (డేటా చేరిందో లేదో చూసుకోని పద్ధతి) జోలికి ఇప్పుడు వెళ్లొద్దు.

వర్చువల్ కామ్‌లో ఒక విషయం గుర్తుంచుకోండి. 1997లో వచ్చిన ఆర్ఎఫ్‌సీ 2217 లాంటి పద్ధతులు డేటాతో పాటు బాడ్ రేటు, పారిటీ (తప్పు పట్టే బిట్), కంట్రోల్ లైన్ల సంగతి కూడా పెట్టెకు చేరవేస్తాయి. అందువల్ల వెబ్ పేజీలో మీరు 9600 పెట్టినా, సాఫ్ట్‌వేర్ పోర్టును 19200తో తెరిస్తే చెల్లేది 19200. మామూలు టీసీపీ సర్వర్ మోడ్‌లో ఇలా జరగదు, వెబ్ పేజీలో పెట్టిందే ఖాయం.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం.

సీరియల్ తీగ మీద సమయం కూడా సమాచారమే. 9600 బాడ్, 8 డేటా బిట్లు, పారిటీ లేదు, 1 స్టాప్ బిట్ అనుకోండి. స్టార్ట్ బిట్‌తో కలిపి ఒక్కో బైటుకు 10 బిట్లు, అంటే సుమారు 1.04 మిల్లీసెకన్లు. మీటర్లు, యంత్రాలతో మాట్లాడే మోడ్‌బస్ ఆర్‌టీయూ ప్రోటోకాల్‌లో సందేశం ఎక్కడ ముగిసిందో చెప్పే గుర్తు ప్రత్యేకంగా ఏదీ ఉండదు. తీగ మీద మూడున్నర అక్షరాల (బైట్ల) కాలం నిశ్శబ్దం ఉంటే సందేశం అయిపోయినట్టు. 9600 దగ్గర అది దాదాపు 4 మిల్లీసెకన్లు. సందేశం మధ్యలో మాత్రం ఒకటిన్నర అక్షరాల కాలానికి మించి ఖాళీ రాకూడదు.

టీసీపీ దీన్ని పట్టించుకోదు. బైట్లన్నీ వరుస తప్పకుండా అందించడం వరకే దాని పూచీ. ఏ బైటు తర్వాత ఎంత ఆగారన్నది అవతలికి చేరదు. ఒకేసారి పంపిన 9 బైట్లు అవతల 5, 4గా రెండు విడతల్లో రావచ్చు, రెండు సందేశాలు అతుక్కుని ఒకటిగానూ రావచ్చు. టీసీపీ దృష్టిలో ఇది తప్పే కాదు. ‘ఒక్కసారి చదివితే ఒక సందేశం వచ్చినట్టే’ అనుకుని రాసిన ప్రోగ్రామ్ మాత్రం దెబ్బతింటుంది.

ఒక ఉదాహరణను దగ్గరగా చూద్దాం. 1వ నంబరు మోడ్‌బస్ మీటరును రెండు రిజిస్టర్లు (విలువలు ఉండే రెండేసి బైట్ల గదులు) అడిగే ప్రశ్న 01 03 00 00 00 02, దాని వెనుక రెండు బైట్ల సీఆర్‌సీ (తప్పులు పట్టే లెక్క). మొత్తం 8 బైట్లు, తీగ మీద 8.3 మిల్లీసెకన్లు. జవాబు 9 బైట్లు: మీటరు నంబరు, ఫంక్షన్ కోడ్, డేటా ఎన్ని బైట్లో చెప్పే 04, నాలుగు బైట్ల డేటా, రెండు బైట్ల సీఆర్‌సీ. ఈ 9 బైట్లు పెట్టెలోకి ఒక్కొక్కటిగా వస్తాయి. వచ్చింది వచ్చినట్టు పంపేస్తే ఒక్కో బైటుకు ఒక ఈథర్నెట్ ఫ్రేమ్ ఖర్చవుతుంది. అది కనీసం 64 బైట్లు ఉండాల్సిందే. అందుకే పెట్టె కాసేపు ఆగి, వచ్చినవాటిని మూటగట్టి పంపుతుంది. ఎంతసేపు ఆగాలో మీరే చెప్పాలి. వెబ్ పేజీలో ఇది ప్యాకింగ్ అనో ఫోర్స్ ట్రాన్స్‌మిట్ అనో, ఇంటర్-క్యారెక్టర్ టైమవుట్ అనో కనిపిస్తుంది. చాలామంది చూడకుండా దాటేసే పేజీ ఇదే, నా దృష్టిలో ఈ పెట్టెకు ఆయువుపట్టు కూడా ఇదే.

9600 దగ్గర 10 మిల్లీసెకన్లతో మొదలుపెట్టండి. ఒక బైటు పట్టే కాలానికి దగ్గరగా, 1 లేదా 2 మిల్లీసెకన్లు పెడితే పరికరం మధ్యలో చిన్నగా తడబడినా జవాబు ముక్కలవుతుంది. 200 పెడితే ప్రతి జవాబూ ఆ మేరకు ఆలస్యం. బాడ్ రేటు తగ్గితే ఈ అంకె పెరగాలి: 1200 దగ్గర ఒక్క బైటుకే 8.3 మిల్లీసెకన్లు, అక్కడ 10 ఏ మూలకూ చాలదు.

అడగకుండానే వరుసగా బరువు పంపే తూకపు యంత్రం లాంటిదైతే సమయం కన్నా డీలిమిటర్ (ముగింపును చూపే గుర్తు) నమ్మకమైన దారి. ప్రతి పంక్తి చివర సీఆర్, ఎల్ఎఫ్ అనే రెండు బైట్లు వస్తుంటే, అవి కనబడగానే మూట పంపమని పెట్టెకు చెప్పండి. ఇది అక్షరాలుగా వచ్చే డేటాకే పనికొస్తుంది. మోడ్‌బస్ ఆర్‌టీయూలో ఏ విలువైనా డేటాగా రావచ్చు కాబట్టి అక్కడ డీలిమిటర్ పెడితే మొదటికే మోసం.

ఇంతవరకు చెప్పింది పరికరం నుంచి కంప్యూటర్‌కు వచ్చే దారి. ఎదురు దారిలో చిక్కు వేరు. ప్రోగ్రామ్ ఆ 8 బైట్ల ప్రశ్నను ఒక్కో బైటుగా సాకెట్‌లోకి రాస్తే, మొదటి బైటు వెంటనే వెళ్తుంది. మిగతావి అది అందినట్టు కబురు వచ్చేదాకా ఆగవచ్చు. నేగల్ పద్ధతి చేసే పని ఇది. ఈలోగా పెట్టె ఆ ఒంటరి బైటును తీగ మీదికి వదిలేస్తుంది. మీటరు కాసేపు చూసి, సందేశం సగంలో ఆగిందనుకుని పారేస్తుంది. దీనికి పెట్టెలో ఎన్ని మార్చినా లాభం లేదు. ప్రశ్న మొత్తాన్ని ఒకే బఫర్‌లో పెట్టి ఒకేసారి రాయాలి, సాకెట్‌కు టీసీపీ నోడిలే ఆప్షన్ ఇవ్వాలి. మోడ్‌బస్ గేట్‌వే సదుపాయం ఉన్న పెట్టె అయితే ఇంకా మంచిది. దానితో 502 పోర్టులో మోడ్‌బస్ టీసీపీ మాట్లాడవచ్చు. అందులో సందేశం పొడవు ముందే రాసి ఉంటుంది కాబట్టి ఖాళీలతో పనే లేదు.

ఇక సాఫ్ట్‌వేర్‌లో పెట్టే టైమవుట్. పై మీటరు ఆలోచించుకోవడానికి 50 మిల్లీసెకన్లు తీసుకుంటుందనుకుందాం. ప్రశ్నకు 8.3, జవాబుకు 9.4, ప్యాకింగ్‌కు 10 కలిపితే 80కి కాస్త లోపే. ఒకే లాన్‌లో ఉంటే 300 ధారాళంగా సరిపోతుంది. మధ్యలో వీపీఎన్, మొబైల్ డేటా ఉంటే 1000 దాటించాల్సి రావచ్చు. అలాగని అన్నిచోట్లా 5000 పెట్టేయకండి: వరుసలో ఒక్క మీటరు చచ్చినా ప్రతి చుట్టులో ఆ 5 సెకన్లు పోతాయి.

ఇంకొక్కటి. కంప్యూటర్‌కు కరెంటు పోయి తిరిగి వచ్చాక పెట్టె కొత్త కనెక్షన్ ఇవ్వకపోతే దాని తప్పేం లేదు. పాత కనెక్షన్ తెగిందని దానికి ఎవరూ చెప్పలేదు, ఉన్న ఒక్క చోటూ పాతదే పట్టుకుని ఉంది. పెట్టెను ఆపి ఆన్ చేస్తే పని జరగడానికి కారణం ఇదే. అలవాటుగా రీస్టార్ట్ చేసే బదులు కీప్‌అలైవ్ (కనెక్షన్ బతికే ఉందా అని పెట్టె చూసుకోవడం) సమయాన్ని 1 నిమిషానికి తగ్గించండి. కొన్ని పెట్టెల్లో ఇది ముందే 7 నిమిషాలకు పెట్టి వస్తుంది.

ఈసారి అభ్యాసం: నెట్‌వర్క్ ప్యాకెట్లను చూపించే వైర్‌షార్క్ ప్రోగ్రామ్ తెరిచి మీ పెట్టె డేటా పోర్టుకు ఫిల్టర్ పెట్టండి. ప్యాకింగ్ సమయాన్ని ముందు 1కి, తర్వాత 10కి, ఆపైన 100కు మార్చి ఒకే ప్రశ్నను పంపుతూ, పెట్టె నుంచి వచ్చే ప్యాకెట్ల పొడవునూ, ప్రశ్నకూ జవాబుకూ మధ్య తేడానూ రాసుకోండి. 9 బైట్లు ఎక్కడ విరిగాయో, ఎక్కడ ఒక్కటిగా వచ్చాయో కంటికే కనిపిస్తుంది. 1 దగ్గర కూడా విరగకపోతే బాడ్ రేటును రెండు వైపులా 1200కు తగ్గించి మళ్లీ చూడండి.

తర్వాతి పాఠంలో ఆర్ఎస్-485: ఒకే జత తీగల మీద అనేక పరికరాలు. దానికి 120 ఓమ్‌ల రెసిస్టర్లు రెండు సిద్ధంగా పెట్టుకోండి.