పసుపుతో, మందార పూలతో ఆమ్లమో క్షారమో ఇంట్లోనే కనిపెట్టడం ఎలా?

పప్పు ఒలికిన తెల్లచొక్కాకి సబ్బు రాయగానే పచ్చటి మరక కాస్తా ఎర్రబడటం మీరు చూసే ఉంటారు. మరక ఇంకా ముదిరిందేమోనని టెన్షన్ పడతాం గానీ, సబ్బు క్షారం కాబట్టి, పసుపులో ఉండే కర్క్యుమిన్‌కి క్షారం తగిలితే ఎరుపు తిరుగుతుంది కాబట్టి అలా అయింది, అంతే. పెళ్ళిలో కాళ్ళకు పెట్టే పారాణి, దిష్టి తీసే ఎర్రనీళ్ళు కూడా పసుపులో సున్నం కలిపి చేసేవే. పిల్లలకి ఈ పాఠం ఇక్కడినుంచి మొదలుపెడితే చాలా తేలిగ్గా ఎక్కుతుంది.

ముందు కాగితాలు చేసుకోండి. కర్క్యుమిన్ నీళ్ళలో సరిగ్గా కరగదు, అందుకని అర చెంచా పసుపుని మూడు చెంచాల సర్జికల్ స్పిరిట్‌లో కలిపి, తేరుకున్నాక పైన తేటలో టిష్యూ కాగితం ముంచి నీడలో ఆరబెట్టండి (స్పిరిట్ ఇట్టే అంటుకుంటుంది, స్టవ్ దగ్గర ఈ పని వద్దు). ప్రింటర్ కాగితం వాడకండి, చాలావాటిలో కాల్షియం కార్బోనేట్ కలుపుతారు, అది కూడా క్షార గుణం ఉన్నదే.

ఆరిన కాగితం మీద సబ్బు నీళ్ళ చుక్క వేస్తే ఎర్రబడుతుంది. నిమ్మరసం వేస్తే? పచ్చగానే ఉంటుంది, మంచినీళ్ళు వేసినా పచ్చగానే ఉంటుంది. అంటే పసుపు క్షారాన్ని పట్టిస్తుంది గానీ ఆమ్లాన్ని నీళ్ళనుంచి వేరుచేసి చెప్పలేదు. అందుకే మందారం కావాలి. నాలుగైదు ఎర్ర మందారాల రేకులు వేడినీళ్ళలో పది నిమిషాలు నానబెట్టి వడకట్టండి. ఆ నీళ్ళలో నిమ్మరసం పిండితే మెరిసే గులాబీ రంగు వస్తుంది, వంటసోడా వేస్తే ఆకుపచ్చ వైపు తిరుగుతుంది.

ఆమ్ల, క్షార గుణాన్ని కొలిచే అంకె పీహెచ్, అది ఎంత తగ్గితే ఆమ్లం అంత ఎక్కువ. నిమ్మరసం పీహెచ్ సుమారు 2, స్వచ్ఛమైన నీళ్ళది 7. తేడా ఐదే అనిపిస్తుంది గానీ ఒక్కో మెట్టుకి పది రెట్లు కాబట్టి ఆమ్ల గుణానికి కారణమైన హైడ్రోజన్ అయాన్లు నిమ్మరసంలో దాదాపు లక్ష రెట్లు ఎక్కువ.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం. తాంబూలంలో వేసుకునే సున్నం కొంచెం నీళ్ళలో కలిపి, అడుగున పేరుకున్నాక పైతేట మాత్రం రెండు చెంచాలు తీసుకోండి (కంట్లో పడకుండా జాగ్రత్త). అందులో స్పిరిట్ పసుపు రెండు చుక్కలు వేస్తే ఎర్రగా అవుతుంది. ఒకవంతు నిమ్మరసంలో మూడు వంతుల నీళ్ళు కలిపి, డ్రాపర్‌తో చుక్కచుక్కగా వేస్తూ, కలుపుతూ, లెక్కపెట్టండి. చాలాసేపు ఏమీ మారదు. తర్వాత చుక్క పడ్డచోట పసుపు మెరిసి, కలపగానే మాయమవుతుంది. అక్కణ్ణుంచి తొందరపడకండి, ఎరుపు పూర్తిగా పోయి పచ్చగా నిలబడేది ఇంకొద్ది చుక్కల్లోనే. ఇదే తటస్థీకరణం, అంటే ఆమ్లం, క్షారం ఒకదాని గుణాన్ని ఒకటి పోగొట్టుకోవడం. నిమ్మరసం బదులు వెనిగర్‌ని అంతే పలచన చేసి మళ్ళీ లెక్కపెట్టండి, తక్కువ చుక్కలు పట్టినదాంట్లో ఆమ్లం ఎక్కువున్నట్టు.

బాత్‌రూమ్ కడిగే యాసిడ్ మాత్రం ఈ ప్రయోగాల్లోకి తేవద్దు. దాన్ని బ్లీచింగ్ పౌడర్‌తో కలిపితే క్లోరిన్ వాయువు వస్తుంది, ప్రాణం మీదికి తెస్తుంది.

మిగిలిన వెనిగర్‌తో చర్య వేగం కూడా చూపించొచ్చు. కడిగి ఆరబెట్టిన గుడ్డు పెంకుల్లో సగం మెత్తగా దంచి, సగం ముక్కలుగానే ఉంచి, రెండు గ్లాసుల్లో వేసి సమానంగా వెనిగర్ పోయండి. పొడి ఉన్న గ్లాసులో వెంటనే నురగ పొంగుతుంది, ఆమ్లానికి తగిలే ఉపరితలం ఎక్కువ కాబట్టి. ముక్కల మీద బుడగలు నింపాదిగా పుడతాయి. ఆ తర్వాత కొత్త ముక్కలతోనే ఒకసారి ఫ్రిజ్‌లోంచి తీసిన వెనిగర్, ఒకసారి గోరువెచ్చని వెనిగర్ పోసి చూడండి. ఒకసారికి ఒక్కటే మార్చాలి, లేకపోతే వేగం వేడివల్ల పెరిగిందో పొడివల్ల పెరిగిందో తేలదు. గ్లాసులకి మూత పెట్టకండి, బుడగలుగా వచ్చే కార్బన్ డయాక్సైడ్ వాయువు బయటికి పోవాలి.