ఫ్లోరిడాలో ఇల్లు కొనే ముందు ఇన్‌స్పెక్షన్‌లో ఏం చూడాలి

టాంపా చుట్టుపక్కల ఇళ్లు ఇన్‌స్పెక్షన్ చేయడం నా వృత్తి. మనవాళ్లు పిలిచినప్పుడు గమనిస్తుంటాను. స్కూల్ రేటింగ్, గుమ్మం ఏ దిక్కు, వంటింటి కౌంటర్ ఏ రాయి, అన్నీ నోటికి వచ్చేసి ఉంటాయి. రూఫ్ ఎప్పుడు వేశారని అడిగితే మాత్రం భార్యాభర్తలు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. ఫ్లోరిడాలో మొదట అడగాల్సింది అదే. ఇక్కడ ఇంటి ధర మీకు అందుబాటులో ఉన్నా, దాని ఇన్సూరెన్స్ అందకపోవచ్చు. ఇన్సూరెన్స్ లేకపోతే బ్యాంకు లోన్ ఇవ్వదు.

మామూలు హోమ్ ఇన్‌స్పెక్షన్ ఇల్లు ఇవాళ ఎలా ఉందో చెబుతుంది. కుళాయి కారుతోందా, ఏసీ చల్లబరుస్తోందా, గోడకు పగులు ఉందా వంటివి అందులో ఉంటాయి. హరికేన్ గాలికి ఆ ఇల్లు ఎలా నిలబడుతుంది, ఇన్సూరెన్స్ కంపెనీ దాన్ని ఒప్పుకుంటుందా అన్నవి వేరే రిపోర్టుల్లో వస్తాయి. వాటిని మీరు అడిగి చేయించుకోవాలి. గాలి సంగతి చూసేది విండ్ మిటిగేషన్ ఇన్‌స్పెక్షన్. పాత ఇళ్లకు ఇన్సూరెన్స్ వాళ్లు అడిగేది ఫోర్ పాయింట్. ఈ రెండూ మామూలు ఇన్‌స్పెక్షన్‌తో పాటే ఒకే రోజున అయిపోతాయి. చెదల తనిఖీకి మాత్రం పెస్ట్ కంట్రోల్ లైసెన్స్ ఉన్నవాళ్లు రావాలి.

టైమ్ చాలా ముఖ్యం. ఇక్కడ ఎక్కువగా వాడే యాజ్ ఈజ్ కాంట్రాక్ట్‌లో, అంటే ఇంటిని ఉన్నది ఉన్నట్టు కొనే ఒప్పందంలో, గడువు రాయకపోతే ఇన్‌స్పెక్షన్ పీరియడ్ 15 రోజులు. ఆ లోపల ఇల్లు వద్దనుకుంటే మీరు కట్టిన డిపాజిట్ వెనక్కి వస్తుంది. పోటీ ఎక్కువగా ఉంది, గడువు తగ్గించి ఆఫర్ పెడదామని ఏజెంట్ అనొచ్చు. తగ్గించండి, కానీ వారం లోపలికి దిగొద్దని నా సలహా. ఇన్‌స్పెక్షన్ అసలు వద్దనుకుని ఆఫర్ పెట్టే పని మాత్రం ఈ రాష్ట్రంలో ఎప్పుడూ చేయకండి.

మేము రాకముందే మీరు ఇంట్లో కూర్చుని చేయగలిగిన పని ఒకటుంది. కౌంటీ లేదా సిటీ బిల్డింగ్ డిపార్ట్‌మెంట్ వెబ్‌సైట్‌లో ఆ అడ్రస్ మీద ఉన్న పర్మిట్లు వెతకండి. రూఫ్ ఎప్పుడు మార్చారు, కిటికీలు ఎప్పుడు మార్చారు, మొదలుపెట్టి మూసేయని పర్మిట్ ఏదైనా ఉందా అన్నవి అక్కడ దొరుకుతాయి. లిస్టింగ్‌లో 'కొత్త రూఫ్' అని రాసి ఉండి, పర్మిట్ కనబడకపోతే గట్టిగా అడగండి. ఇల్లు కట్టిన ఏడాది కూడా చూడండి. 1992లో ఆండ్రూ హరికేన్ హోమ్‌స్టెడ్ ప్రాంతాన్ని నేలమట్టం చేశాక నిబంధనలు మారుతూ వచ్చి, 2002 మార్చి 1 నుంచి రాష్ట్రమంతటికీ ఒకే బిల్డింగ్ కోడ్ అమల్లోకి వచ్చింది. ఆ తేదీ తర్వాత పర్మిట్‌కు అప్లై చేసిన ఇల్లయితే నాకు సగం టెన్షన్ తగ్గుతుంది. మయామీ-డేడ్, బ్రోవార్డ్ కౌంటీల్లో నిబంధనలు ఇంకా కఠినం.

ఇక యాటిక్, అంటే సీలింగ్‌కూ రూఫ్‌కూ మధ్య ఉండే ఖాళీ. నేను ఎక్కువ సేపు ఉండేది అక్కడే. హరికేన్ గాలి రూఫ్‌ను కిందికి నొక్కుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి అది పైకి లాగుతుంది. అందుకే రూఫ్ ఎంత బరువుగా ఉందన్నది కాదు, గోడకు దేనితో కట్టి ఉందన్నది చూడాలి. పాత ఇళ్లలో ట్రస్‌ను, అంటే రూఫ్‌ను మోసే చెక్క చట్రాన్ని, గోడ మీది చెక్కకు ఏటవాలుగా కొట్టిన మేకులే పట్టుకుని ఉంటాయి. ఇది అన్నిటికన్నా బలహీనమైన పద్ధతి. దానికన్నా మెరుగైనది క్లిప్, అంటే ట్రస్ పక్కన మేకులతో బిగించిన లోహపు ముక్క. ఇంకా మేలైనది ట్రస్ మీదుగా అవతలి వైపుకు చుట్టి వచ్చే పట్టీ. దాన్ని ర్యాప్ అంటారు. పట్టీ ఉంటే చాలదు, దానికి సరిపడా మేకులు కొట్టారా అన్నదీ లెక్కే. మూడు మేకులైనా లేని క్లిప్‌ను విండ్ మిటిగేషన్ ఫారంలో క్లిప్‌గా రాయలేం.

తర్వాత, షింగిల్స్ (రూఫ్ పైన కప్పే పెంకుల్లాంటి ముక్కలు) కింద పరిచిన చెక్క పలకలను ట్రస్‌కు ఏ మేకులతో, ఎంత దూరానికొకటి కొట్టారో చూస్తాం. రెండు అంగుళాల మేకుకూ రెండున్నర అంగుళాల మేకుకూ, అడుగుకొకటి కొట్టడానికీ ఆరంగుళాలకొకటి కొట్టడానికీ, పలక ఎగిరిపోవడానికీ నిలబడటానికీ ఉన్నంత తేడా ఉంది. ఇవన్నీ మాట మీద నమ్మొద్దు. టేపు పెట్టి కొలిచిన ఫొటోలు, పట్టీల ఫొటోలు రిపోర్టులో ఉన్నాయో లేదో చూసుకోండి. యాటిక్‌లోకి ఎక్కకుండానే ఫారం నింపేసే ఇన్‌స్పెక్టర్‌ను పెట్టుకోకండి.

రూఫ్ ఆకారం కూడా ఇన్సూరెన్స్ రేటును మారుస్తుంది. నాలుగు వైపులా వాలు ఉన్న హిప్ రూఫ్ మీదుగా గాలి జారిపోతుంది. రెండు వైపులే వాలు ఉన్న గేబుల్ రూఫ్‌లో చివర నిలువుగా ఉండే గోడ గాలి దెబ్బను నేరుగా తింటుంది. ఆకారాన్ని మనం మార్చలేం కాబట్టి ఇల్లు ఎంచుకునేటప్పుడే చూసుకోవాలి. క్లిప్పులు, పట్టీలు మాత్రం తర్వాత వేయించుకోవచ్చు. రాష్ట్ర ప్రభుత్వ పథకం మై సేఫ్ ఫ్లోరిడా హోమ్ కింద, అర్హత ఉండి నిధులు ఉన్నప్పుడు, 10,000 డాలర్ల దాకా సాయం దొరుకుతుంది.

కిటికీల దగ్గర అందరూ షట్టర్లు ఉన్నాయా అని అడుగుతారు. అడగాల్సింది అన్నిటికీ ఉన్నాయా అని. ఒక్క కిటికీ పగిలినా గాలి లోపలికి దూరి రూఫ్‌ను కింద నుంచి ఎత్తుతుంది. ఇన్సూరెన్స్‌లో పూర్తి తగ్గింపు రావాలన్నా ఏ ఒక్క అద్దమూ వదలకుండా రక్షణ ఉండాలి. తొమ్మిది పౌండ్ల చెక్కను సెకనుకు 50 అడుగుల వేగంతో అద్దం మీదికి విసిరి చేసే పరీక్షలో నెగ్గినవే అసలైన ఇంపాక్ట్ కిటికీలు. అద్దం మూలన చిన్న ముద్ర ఉంటుంది, ఫొటో తీసుకోండి. ఇంట్లో అన్నిటికన్నా పెద్ద రంధ్రం గరాజ్ తలుపు. దాని లోపలి వైపు ఎంత గాలి ఒత్తిడికి తట్టుకుంటుందో రాసిన స్టిక్కర్ ఉండాలి. స్టిక్కర్ లేని పాత తలుపైతే, మార్చే ఖర్చు మీ బేరంలోకి తెచ్చుకోండి.

ఇక నీళ్లు. 1977లో దివిసీమను తుడిచిపెట్టింది గాలి కన్నా ఉప్పెన. ఇక్కడా అంతే. 2024 సెప్టెంబర్ 26న హెలీన్ హరికేన్ ఇక్కడికి చాలా దూరంలో, బిగ్ బెండ్ వైపు తీరం దాటింది. అయినా ఉప్పెన నీళ్లు సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోని షోర్ ఏకర్స్ ఇళ్లలోకి వచ్చాయి. రెండు వారాలు తిరక్కుండానే, అక్టోబర్ 9న, మిల్టన్ హరికేన్ ఆ ఊళ్లోనే 18 అంగుళాలకు పైగా వాన కురిపించింది. ఫీమా (ఫెడరల్ ప్రభుత్వ విపత్తుల సంస్థ) వరద మ్యాప్‌లో ఇల్లు ఏ జోన్‌లో ఉందో చూడండి. ఏఈ, వీఈ అంటే ముంపు ముప్పు ఎక్కువ, లోన్ ఉంటే ఫ్లడ్ ఇన్సూరెన్స్ తప్పనిసరి. ఎక్స్ జోన్ అంటే నీళ్లు రావని కాదు, బ్యాంకు అడగదని మాత్రమే. మామూలు ఇంటి ఇన్సూరెన్స్‌లో వరద నష్టం రాదు కాబట్టి ఎక్స్ జోన్‌లో కూడా వేరేగా తీసుకోమనే చెబుతాను. ముంపు జోన్‌లో అయితే ఎలివేషన్ సర్టిఫికెట్ అడగండి. వరద మట్టానికి ఇంటి లోపలి నేల ఎంత పైన ఉందో, ఎంత కింద ఉందో అందులో ఉంటుంది.

2024 అక్టోబర్ 1 నుంచి ఫ్లోరిడాలో ఇల్లు అమ్మేవాళ్లు వరద నష్టానికి క్లెయిమ్ వేశారా, ఫెడరల్ సాయం తీసుకున్నారా అన్నది రాసి ఇవ్వాలి. కాగితం తీసుకున్నాక కూడా మీ కళ్లతో చూడండి. తలుపులు పాతవి, గోడల అడుగున బేస్‌బోర్డులు మాత్రం అన్ని గదుల్లోనూ కొత్తవి. గోడ మీద రెండు మూడడుగుల ఎత్తున అడ్డంగా సన్నటి అతుకు. వాటర్ హీటర్ అడుగున తుప్పు. ఇవి ఇంట్లోకి నీళ్లు వచ్చాయని చెప్పే గుర్తులు. ఇల్లంతా రంగులు వేసేవాళ్లు గరాజ్ మూలలు వదిలేస్తారు, నేను ముందు అక్కడే వెతుకుతాను. ముంపు జోన్‌లో పాత, కిందికి ఉన్న ఇల్లయితే ఇంకో మెలిక ఉంది. మరమ్మతు ఖర్చు కట్టడం విలువలో, స్థలం విలువ కలపకుండా, సగానికి చేరితే ఇల్లంతటినీ ఇప్పటి నిబంధనల ప్రకారం మార్చాలి. అంటే చాలాసార్లు ఇంటిని పైకి లేపడమే.

ఫోర్ పాయింట్ రూఫ్, కరెంటు, ప్లంబింగ్, ఏసీలకే పరిమితం. ఫెడరల్ పసిఫిక్, జిన్‌స్కో కంపెనీల కరెంటు ప్యానెళ్లు, బూడిద రంగు పాలీబ్యూటిలీన్ పైపులు ఉంటే చాలా కంపెనీలు పాలసీ ఇవ్వవు. రూఫ్ 15 ఏళ్లు దాటితే, ఇంకా ఐదేళ్లయినా నిలుస్తుందని రిపోర్టు కావాల్సి రావచ్చు.

రిపోర్టులు చేతికి రాగానే ఇన్సూరెన్స్ ఏజెంట్‌కు పంపి, ఇన్‌స్పెక్షన్ పీరియడ్ ముగిసేలోపే రాతపూర్వకంగా కోట్ తెప్పించుకోండి. అందులో హరికేన్ డిడక్టిబుల్ ఎంతో చూడండి. అది చాలావరకు శాతంలో ఉంటుంది. ఇంటి కవరేజీ 4,00,000 డాలర్లు, డిడక్టిబుల్ 2 శాతం అయితే మొదటి 8,000 డాలర్లు మీ జేబులోంచే. 5 శాతమైతే 20,000. ఆ డబ్బు చేతిలో ఉంటుందా అన్నది ఇల్లు కొనకముందే లెక్క వేసుకోవాలి.

హరికేన్ సీజన్‌లో, అంటే జూన్ నుంచి నవంబర్ మధ్య, క్లోజింగ్ (ఇల్లు మీ పేరుకు మారే రోజు) పెట్టుకుంటే పాలసీని చివరి రోజు దాకా ఆపొద్దు. తుఫాను దగ్గరపడగానే కంపెనీలు కొత్త పాలసీలు రాయడం ఆపేస్తాయి, దాంతో మీ క్లోజింగ్ కూడా ఆగిపోతుంది. కోట్ నచ్చిన రోజే, క్లోజింగ్ తేదీ నుంచి అమల్లోకి వచ్చేలా, పాలసీ ఖాయం చేయమని ఏజెంట్‌కు చెప్పండి.