ఆన్‌లైన్‌లో బట్టలు తెప్పించుకునే ముందు పాటించవలసిన జాగ్రత్తలు

హైదరాబాద్ పాత ఇంటి నంబర్లు అంకెలు, గీతలు కలిసిన పొడవాటి వరుసలు కనుక, ఒక్క అంకె తప్పినా పార్సెల్ మరో వీధికి చేరవచ్చు. ఆర్డరు పెట్టే ముందే ఫ్లాట్ నంబరు, అంతస్తు, దగ్గరి గుర్తు, పిన్‌కోడ్ సరిచూసుకోవాలి; కూకట్‌పల్లికి 500072, అమీర్‌పేటకు 500016. యాప్‌లో పాత అద్దె ఇంటి చిరునామా మిగిలి ఉంటే తొలగించాలి.

పగలు ఇంట్లో ఎవరూ ఉండకపోతే ఆఫీసుకు తెప్పించుకోవడం మేలు. వాచ్‌మన్‌కు ఇచ్చి వెళ్లమనడం సులువే గానీ, పండుగ రోజుల్లో ఆయన గదిలో పార్సెళ్లు గుట్టగా పేరుకుపోతాయి కాబట్టి, పట్టుచీర వంటి ఖరీదైన వాటికి అది తగదు.

పార్సెల్ చేతికి అందకుండా ఓటీపీ చెప్పరాదు. విప్పేటప్పుడు వీడియో తీసుకోవాలి.

డెలివరీ అయిందని సందేశం వచ్చినా పార్సెల్ కనిపించకపోతే, ముందు పొరుగువారినీ సెక్యూరిటీనీ అడిగి, అదే రోజు యాప్‌లో ఫిర్యాదు నమోదు చేసి, ఎవరికి అప్పగించారో రుజువు చూపమని కోరాలి. ఫోనులో మాట్లాడి ఊరుకోకుండా ఫిర్యాదు నంబరు తప్పక తీసుకోవాలి. ఎందుకంటే 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందిందని 48 గంటల్లో తెలిపి, నెలలోగా పరిష్కరించవలసిన బాధ్యత సంస్థదే. అప్పటికీ స్పందన లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు.