మైపాడు తీరంలో అద్దె ఇల్లు తీసుకునే ముందు జాగ్రత్తలు

నెల్లూరుకు సుమారు 25 కిలోమీటర్ల దూరంలోని మైపాడు తీరాన సెలవులకు ఇల్లు అద్దెకు తీసుకునేవారు, ఫోటోలను నమ్మి మొత్తం డబ్బు ముందే కట్టకుండా, వీడియో కాల్‌లో యజమాని చేత ప్రతి గదినీ తెరిపించి చూడాలి.

అన్నిటికన్నా ముందు నీళ్ల సంగతి అడగాలి. గత ఏడాది మేము దిగిన ఇంట్లో బోరు నీళ్లు ఉప్పగా ఉండి, కందిపప్పు ఎంతసేపటికీ ఉడకలేదు, పిల్లల తలకు రుద్దిన సబ్బు నురగ రాలేదు. తాగునీటి క్యాన్ల కోసం రోజూ ఊళ్లోకి వెళ్లవలసి వచ్చింది. కిటికీలకు దోమతెరలు ఉన్నాయో లేదో కూడా కనుక్కోవాలి.

అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాల వానలు, వాయుగుండాలు ఈ జిల్లాను ముంచెత్తే కాలం కనుక, ప్రయాణం రద్దయితే అడ్వాన్సు తిరిగి ఇస్తామన్న మాటను వాట్సాప్‌లోనైనా రాతపూర్వకంగా తీసుకోవాలి. పెద్దవారు వెంట ఉంటే, మరుగుదొడ్డి ఇంటి లోపలే ఉన్నదని రూఢి చేసుకున్నాకే బయలుదేరాలి.