క్యారియర్ ఖాళీగా ఇంటికి రావాలంటే

మావాడు రెండో తరగతికి పోయిన మొదటి వారమంతా క్యారియర్ నిండుగానే తిరిగొచ్చింది. నేనేమో రోజుకొక రకం చేసి పెడతా, వాడేమో సాయంత్రం ఇంటికొచ్చి సంగటి మీద పడి తింటా ఉన్నాడు. శనివారం అవ్వ పక్కన కూర్చోబెట్టుకోని అడిగితే అసలు సంగతి బయటపడింది, కొత్త డబ్బా మూత వాడి చేతికి రాలేదంట, మిస్సుని అడగాలంటే సిగ్గంట. కాబట్టి వంట సంగతి తర్వాత, డబ్బా కొన్న రోజే మీ ఎదురుగా పిల్లోడి చేత పదిసార్లు తెరిపించి మూయించండి, రాకపోతే అది ఎంత అందంగా ఉన్నా వెనక్కి ఇచ్చేయండి. స్టీలుదే తీసుకోండి, వేడి అన్నం ప్లాస్టిక్‌లో వద్దు.

రెండోది టైమ్. మనం ఏడుంపావుకి కట్టేది వాళ్ళు పన్నెండున్నరకి తెరుస్తారు, అంటే అయిదు గంటలు పైన, అదీ తిరుపతి ఎండలో. అందుకే రాత్రి మిగిలిన అన్నం తాలింపేసి పెట్టొద్దు, పొద్దున వండిందే పెట్టండి. అన్నం పళ్ళెంలో ఆరబోసి ఆవిరి పోయినాకే మూత వేయండి, లేదంటే లోపల నీళ్ళు పట్టి మధ్యాహ్నానికి జావ అయిపోతాది. టెంకాయ చెట్నీ కూడా వద్దు, తొందరగా పులుస్తాది, దానికి బదులు శెనక్కాయల పొడి గాని పప్పులపొడి గాని నెయ్యి వేసి కలిపిస్తే ఇడ్లీకి అంటుకోని ఉంటాది. పెరుగన్నానికి మా ఇంట్లో ఒక పద్ధతి ఉంది, మెత్తగా వండిన గోరువెచ్చని అన్నంలో కాచి చల్లార్చిన పాలు ఎక్కువ పోసి పెరుగు ఒక్క స్పూనే కలిపేది. మధ్యాహ్నానికి అదే తోడుకోని తీయగా ఉంటాది, పులుపు తగలదు. క్యారెట్ తురుమో దానిమ్మ గింజలో వేస్తే ఇంకా ఇష్టంగా తింటారు.

ఇప్పుడు ఎంత పెట్టాలనేది. సర్కారు బడి భోజనానికి ఒక లెక్కుంది. ఒకటి నుంచి అయిదో తరగతి దాకా ఒక్కో పిల్లోడికి పూటకి బియ్యం 100 గ్రాములు, పప్పు 20, కూరగాయలు 50, నూనె 5 గ్రాములు, అన్నీ కలిపి 450 క్యాలరీలు, 12 గ్రాముల ప్రొటీన్ రావాలి. 100 గ్రాముల బియ్యం అన్నం చాలామంది చిన్నపిల్లలు తినలేరు, మావాడైతే సగం కూడా తినడు, మీరు గ్రాములు తూచాల్సిన పనిలేదు గానీ ఆ పోలిక చూడండి, కూరగాయ బియ్యంలో సగం, పప్పు అయిదో వంతు. మనం కట్టే క్యారియర్లో అన్నం నిండుగా, కూర ఏదో మూలన రెండు స్పూన్లు ఉంటాది కదా, అది తిరగబడాల. అన్నం తగ్గించి పప్పూ కూరా పెంచితే డబ్బా చిన్నదయినా కడుపు నిండుతాది, పదిహేను నిమిషాల్లో తినడం కూడా అయిపోతాది. బ్రేక్‌లో వాళ్ళకి ఆటే ముఖ్యం, అన్నం కాదు.

ప్రొటీన్ అంటే పౌడర్ డబ్బాలు కొంటారు ఎందుకో. ఒక గుడ్డులో దాదాపు 6 గ్రాములుంటాది, పాతిక గ్రాముల ఎండు శెనక్కాయ గింజల్లో కూడా అంతే. మనకి శెనక్కాయలకి కరువా! శనివారం మా ఇంట్లో గుడ్డు ముట్టం, ఇక్కడ చాలా ఇళ్ళల్లో అంతే, ఆ రోజు అలసంద గుగ్గిళ్ళో ఉడకబెట్టిన శెనక్కాయలో పెడతా. శెనక్కాయలు కొందరు పిల్లలకి పడవు, క్లాసులో అట్లాంటి బిడ్డ ఉందేమో ముందే కనుక్కోండి, ఎందుకంటే వీళ్ళు డబ్బాలు మార్చుకోకుండా ఉండరు. ఎండలు ముదిరినాక గుడ్డు క్యారియర్లో పెట్టడం మానేసి పొద్దున ఇంట్లోనే తినిపించి పంపిస్తా.

రాగి సంగటి మాత్రం క్యారియర్‌కి పనికిరాదు, నేను చేసి చూసినా, చల్లారితే బంతి మాదిరి గట్టి పడతాది. దాన్ని రాత్రికి పెట్టుకోండి, పొద్దున రాగిదోశ వేయండి. దోశపిండిలో మూడో వంతు రాగిపిండి కలిపితే పిల్లలు రంగు చూసి ఏమనుకున్నా తింటారు, పైన ఎర్రగడ్డ, క్యారెట్ సన్నగా తరిగి వేయండి. వంద గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాములకి పైనే కాల్షియం ఉంటాది, అదే వంద మిల్లీలీటర్ల పాలల్లో 120 దగ్గరే. పాలు ఆపేయమని కాదు, పాలు తాగని పిల్లోడి గురించి కంగారు పడొద్దని చెప్తా ఉన్నా.

ఆకుకూర పప్పన్నం వారానికి రెండుసార్లన్నా పెట్టండి, చివర్లో నిమ్మకాయ పిండితే ఆకుకూరలో ఐరన్ ఒంటికి బాగా పడుతుంది. చిత్రాన్నం చేసినా అంతే, అన్నం ఆరినాకే నిమ్మరసం కలపండి, పొయ్యి మీదుండగా పిండితే చేదొస్తాది. అన్నం తిన్న వెంటనే టీ మాత్రం వద్దు, తిన్న ఐరన్‌ని ఒంటికి పట్టనీదు. పొద్దున్నే పిల్లలకి కూడా టీ పోసే అలవాటు మన దగ్గర చాలా ఇళ్ళల్లో ఉంది, దాన్ని ముందు మానిపించండి. ఇంక చలికాలంలో అనపకాయలు (సొరకాయ కాదు, చిక్కుడు మాదిరి గింజల కాయలు) వచ్చినప్పుడు ఆ రెండు మూడు నెలలు పితికిపప్పు వదులుకోవద్దు. గింజలు రాత్రి నానబెట్టి పొద్దున పితకాలంటే విసుగే, మా ఇంట్లో ఆ పని టీవీ ముందు కూర్చోబెట్టి పిల్లలకే ఇస్తా. వాళ్ళు పితికిన పప్పు వాళ్ళే తింటారు, ఇది నిజం. పిల్లల వాటాకి కారం తగ్గించి ముందే గిన్నెలోకి తీసేయండి.

స్నాక్ డబ్బాలో జామకాయ ముక్కలు, అరటిపండు, బెల్లం శెనక్కాయ ఉండ, లేదంటే బొరుగులు తాలింపు. బిస్కెట్ ప్యాకెట్ మా ఇంట్లో నెలకి ఒకటో రెండో, అసలే వద్దంటే దొంగచాటుగా తింటారు. మామిడిపండ్ల సీజన్ చాలావరకు ఎండాకాలం సెలవల్లోనే పోతాది పాపం, జూన్ 12కి బళ్ళు తెరిచినాక మిగిలిన పండ్లన్నా ముక్కలు కోసి పెట్టండి. బడి క్యాంటీన్లో, గేటుకి 50 మీటర్ల లోపల నూనె, చక్కెర, ఉప్పు ఎక్కువున్నవి అమ్మకూడదని 2020లోనే దేశమంతటికీ రూల్ వచ్చింది, మా బడి గేటు ముందు బజ్జీల బండికి ఆ సంగతి ఎవరూ చెప్పినట్టు లేరు.

మా అక్క కూతురు సర్కారు బడికి పోతాది, దానికి క్యారియర్ గోలే లేదు. సర్కారు బడి మధ్యాహ్న భోజనానికి 2024లో డొక్కా సీతమ్మ పేరు పెట్టినారు కదా, ఆ భోజనంలో గుడ్డు, చిక్కీ, రాగిజావ అన్నీ వస్తాయి. మా అక్క దాన్ని చిన్నచూపు చూసి మళ్ళీ ఇంటి నుంచి డబ్బా పంపిస్తా ఉండేది, వద్దక్కా, బడి అన్నం తిననీ, పొద్దున టిఫిన్ మాత్రం తప్పకుండా పెట్టి పంపించు, రాత్రికి సంగటి, కూర పెట్టు, సాయంత్రం ఒక పండు ఇయ్యి, సరిపోతాదని చెప్పినా. మార్చి మధ్య నుంచి ఒంటిపూట బళ్ళు మొదలైతే మా వీధిలో ప్రైవేటు బడి పిల్లలకి కూడా క్యారియర్ అక్కర్లేదు, స్నాక్ డబ్బా, నీళ్ళ బాటిల్ చాలు, మధ్యాహ్నం ఇంటికొచ్చి తింటారు.

డబ్బా తిరిగొచ్చినాక తిన్నావా అని అడగొద్దు, తిన్నా అనే చెప్తారు. ఏం మిగిల్చినావు, ఎవరికి ఇచ్చినావు అని అడగండి, అప్పుడు కథంతా చెప్తారు. మావాడు బీన్స్ తాలింపు వారం రోజులు పక్కనోడికి ఇచ్చి వాడి ఉర్లగడ్డ వేపుడు తిన్నాడని నాకు అట్లానే తెలిసింది. ఆదివారం మూత లోపల రబ్బరు వాషర్ ఊడదీసి వేడినీళ్ళతో కడిగి ఎండలో పెట్టండి, అన్నం వాసనొస్తాంది అని పిల్లోడు అంటే చాలాసార్లు అది వాషర్ వాసనే.